మా అత్తగారు కట్టిన ఇనుపతీగ

పోయిన నెలలో మా పిన్ని కూతురు సలోమి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. తన ఊపిరితిత్తుల్లోనూ మచ్చ ఉందన్నారట. "ఏడాదికి పైగా ఒక్కదానివే దొడ్లో ఎట్టా పడుకున్నావక్కా? పొద్దెట్టా పోయింది నీకు?" అని అడిగింది. జవాబు రాద్దామని కూర్చుని "పిట్టల్ని చూశాను" అని ఒక్క ముక్క రాసి ఆగిపోయాను. పిల్ల భయపడి అడిగితే అక్క వేళాకోళమాడుతోందని అనుకుంటుంది. అందుకని కార్డు పక్కన పెట్టి తీరిగ్గా ఇది రాస్తున్నాను. కొంత సలోమి కోసం, కొంత నా కోసం. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ లేచి దొడ్లోకి తొంగి చూసి వస్తాను. రాసి పెడితే కుదుటపడతానేమో చూడాలి.

నవంబరు, 1942

మాచర్లలో మిషను బడిలో మూడో తరగతికి పన్నెండో ఎక్కం చెప్పిస్తున్నాను. పన్నెండేళ్ళు ఎనభై నాలుగు దగ్గరికి వచ్చేసరికి దగ్గు తెర వచ్చింది. చేతిగుడ్డలో ఎర్రగా పడింది. గుడ్డ మడిచి నడుము దగ్గర దోపుకుని, ఎక్కం చివరిదాకా చెప్పించి, బడి గంట కొట్టాకే ఇంటికి వచ్చాను. అంత భయంలోనూ ఎక్కం ఎందుకు పూర్తి చేయించానో నాకు తెలియదు. టీచరమ్మ బుద్ధి అంత తొందరగా పోదు కాబోలు.

మా ఆయన స్టేషనులో గుమాస్తా. మర్నాడు సెలవు పెట్టి నన్ను రైల్లో గుంటూరు తీసుకెళ్ళారు. ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్ల. నేను కూర్చున్నప్పుడు ఆ బల్ల మీద ఆరుగురం. రెండుసార్లు దగ్గాను. మూడోసారి దగ్గేసరికి బల్ల ఆ చివరన నలుగురు ఇరుక్కుని కూర్చున్నారు, ఈ చివరన నేనూ ఒక ముసలి బీబీ మిగిలాం. ఆవిడ వాళ్ళాయన కళాయి పని చేస్తాడట, ఆయన కాలి పుండు చూపించడానికి వచ్చారు. నేను దగ్గు ఆపుకోబోతుంటే ఆవిడ తన విసనకర్ర నా వైపు తిప్పింది.

"దగ్గమ్మా, దగ్గు. ఆపుకుంటే ఆగిద్దా అది? వాళ్ళు జరిగితే జరగనీ, మనకి గాలి ఎక్కువ తగులుద్ది" అంది.

ఆ రోజంతా నాకు అందిన మంచిమాట అదొక్కటే. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

శానిటోరియంలో ఖాళీ లేదనీ, పేరు రాసుకుంటామనీ డాక్టరుగారు చెప్పారు. ఈలోగా ఇంటి దగ్గరే బయటిగాలి తగిలే చోట పడుకోవాలి, మంచం దిగకూడదు, పాలూ గుడ్లూ తినాలి, పసిపిల్లను దగ్గరికి రానీయకూడదు. మా కరుణకి అప్పటికి మూడేళ్ళు నిండలేదు. "ఎన్నాళ్ళండీ?" అని మా ఆయన అడిగారు. డాక్టరుగారు కాగితం మీంచి తల ఎత్తకుండా "చూద్దాం" అన్నారు.

ఇక మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ పేరు ఏస్తేరమ్మ. బైబిలు స్త్రీ. చంకన పుస్తకం పెట్టుకుని పల్లెలన్నీ నడిచి తిరిగి వాక్యం చెప్పే మనిషి. తాయెత్తులన్నా, విభూతన్నా, ఎదురొచ్చిన శకునాలన్నా మండిపడేది. ఎవరి మెడలోనైనా నల్లతాడు కనపడితే నడిరోడ్డు మీద నిలేసి అడిగేది. నెత్తురు మాట వినగానే క్షయేనని పోల్చుకుని, మేం గుంటూరు నుంచి రెండో రోజు తిరిగొచ్చేసరికి దొడ్లో తాటాకు పాక వేయించి ఉంచింది. ఒకవైపు దొడ్డి గోడ, రెండు వైపులా తడికలు, నాలుగో వైపు ఖాళీ. అందులో నులక మంచం, సత్తు కంచం, సత్తు గ్లాసు. ఇంటికీ పాకకీ మధ్య బట్టలుతికే బండ ఉంది.

"ఏమే అమ్మాయ్, ఆ బండ ఇవతలకి నువ్వు రాగూడదు, అవతలకి పిల్ల పోగూడదు. అర్థమైందా?" అంది.

అర్థమైంది. నన్ను విరిగిన బిందెలాగా దొడ్లో పారేసింది అని అర్థమైంది. అప్పుడు నాకు అంతే అర్థమైంది.

చలికాలం

మొదటి వారం నేను గోడకేసి తిరిగి ఏడుస్తూ పడుకున్నాను. గోడ అంటే మా పల్నాటి నాపరాళ్ళ గోడే, నిలువుగా పాతిన పలకలు, చూడ్డానికి ఏమీ ఉండదు. ఎనిమిదో రోజున విసుగు పుట్టి ఇటు తిరిగాను. ఇటువైపు దొడ్డి. ఒక వేప, ఒక మునగ, నూతి దగ్గర బురద, ఆ వెనక బొమ్మజెముడు కంచె, దాని మీద అల్లుకున్న దొండతీగ. బురదలో బూడిదరంగు చిన్న పిట్ట ఒకటి తోక కిందికీ పైకీ కొట్టుకుంటూ తిరుగుతోంది. అది ఏ పనీ లేకుండా తోక ఎందుకాడిస్తుందో చూద్దామని చూశాను. తెలియలేదు. మధ్యాహ్నం పాలు వచ్చేదాకా దాన్నే చూశాను. ఆ పూట ఏడవడం మర్చిపోయాను.

అది మొదలు. బడి నుంచి నా పలక తెప్పించుకుని, వచ్చిన పిట్టనల్లా రాయడం పెట్టాను. మునగకొమ్మ మీద పసిరిక పిట్టలు, ఒక్కోటి ఎగిరి గాల్లో పురుగును పట్టి మళ్ళీ అదే చోటుకి వచ్చేది. వేపచెట్టు కింద కూకుడుగువ్వ, తల మీద కుచ్చు విప్పుతూ మూస్తూ, ముక్కుతో నేల పొడుస్తూ. కంచె అవతల జొన్నచేను గట్టున పాలపిట్ట, కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే నీలం. ముప్ఫై ఏళ్ళు బతికి, నా దొడ్లో నేను చూసిన పిట్టలు కాకీ పిచ్చుకా రెండే. మిగతావి ఎప్పుడూ ఉన్నాయి. నేను లేను.

సాయంత్రం నాలుగింటికి అత్తగారు వంటింటి మెట్టు మీద బియ్యం ఏరుతూ కూర్చునేది. కరుణ ఉతికే బండ ఎక్కి నిలబడి, "అమ్మా, ఇయ్యాళ ఏం పిట్టలొచ్చినయ్?" అని అరిచేది. నేను గట్టిగా మాట్లాడకూడదు. అందుకని చేత్తో చూపించేదాన్ని. వేళ్ళు కుచ్చులాగా తల మీద పెట్టుకుంటే కూకుడుగువ్వ. చెయ్యి వెనక్కి పెట్టి ఊపితే బురదపిట్ట. అది బండ మీద గంతులేస్తూ అన్నీ చేసి చూపించేది. ఎంత నవ్వించేదో! నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే అత్తగారు దాన్ని చంకనేసుకుని లోపలికి తీసుకుపోయేది.

జనవరిలో ఒకరోజు పిల్ల ఆడుతూ కిందపడి, "అమ్మా" అని ఏడుస్తూ పరిగెత్తింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. అది అత్తగారి చీరలో మొహం దాచుకుంది. ఆమెనే పిలిచింది అమ్మా అని. ఆమె కాదనలేదు. నేను చావకముందే నా చోటు నిండిపోయింది. ఆ రోజు అత్తగారి మీద నాకు పుట్టిన కోపం క్రైస్తవురాలు చెప్పుకోదగింది కాదు. అయినా చెబుతున్నాను.

ఎండాకాలం

ఎండలు ముదిరాయి. బురద ఎండిపోయి తోకపిట్ట వెళ్ళిపోయింది. కోయిల పొద్దున్నే మొదలుపెట్టి గొంతు పగిలేదాకా కూసేది. వేప మీద కాకి ఒకటి తనకంటే పెద్ద నోరు తెరిచే పిల్లకు మేత పెడుతుంటే చూశాను. అది కోయిలపిల్ల. కాకికి తెలియదు. తెలిసినా పెట్టేదేమో, అంత ఆత్రంగా పెట్టింది. మామూలు రోజుల్లో అయితే నవ్వుకునేదాన్ని. అప్పుడు అటు తిరిగి పడుకున్నాను.

మే నెలాఖరులో మళ్ళీ నెత్తురు పడింది. ఈసారి గుడ్డలో మడిచి దోపుకునేంత కాదు. గుంటూరు తీసుకెళ్ళి మళ్ళీ ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఫోటో తీయించారు. డాక్టరుగారు ఈసారి మా ఆయన్ని పక్కకి పిలిచి మాట్లాడారు. తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నారు. నడికుడి దాటాక అడిగాను.

"ఏమన్నారు?"

"వానాకాలం దాటితే చూద్దామన్నారు" అన్నారు.

"దాటకపోతే?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ జబ్బు మొదలైనాక ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. దాంతో నాకు జవాబు తెలిసిపోయింది. పిల్లను ఒక్కసారి ఒళ్ళో కూర్చోబెట్టుకోకుండానే పోతానన్నది ఆనాటి నా భయమంతా. చావు అంటే నాకు వేరే అర్థం లేదు.

జూలై, 1943

వానలు పడ్డాయి. పాకలో ఒక మూల కారింది. బొమ్మజెముడు కంచెలోకి జెముడుకాకుల జంట వచ్చింది. వాటిని చూడని వాళ్ళెవరూ లేరు గానీ సరిగ్గా చూసినవాళ్ళు తక్కువ. కాకంత ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్ళు. ఎగరడం కంటే నడవడమే ఇష్టం. నడక కూడా హడావిడి లేకుండా, పరీక్ష హాల్లో తిరిగే హెడ్‌మాస్టరు నడక. పొద్దున్నే ఒకటి "ఊప్, ఊప్, ఊప్" అని ఖాళీ కుండలో ఊదినట్టు మొదలుపెడితే, రెండోది కంచె అవతల నుంచి అందుకునేది. దొండతీగ కింద, జెముడు ముళ్ళ మధ్య, మనిషి తల ఎత్తున గూడు కట్టాయి. పుల్లలు, గడ్డి, పచ్చి ఆకులు తెచ్చేవి. ఏది పెట్టో ఏది పుంజో నేను ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను. కరుణ బండ మీద హెడ్‌మాస్టరు నడక నడిచేది. జ్వరం ఎంత ఉన్నా నాలుగింటికి నేను కళ్ళు తెరిచేదాన్ని.

మాకు మజ్జిగ పోసే వెంకాయమ్మ పిన్ని ఒకరోజు గోడ మీంచి గూడు వంక చూసి అత్తగారితో అంది:

"వదినా, నీ అదృష్టం పండింది. పిల్లలు లేచినాక ఒకదాని కాలికి ఇనుపతీగ కట్టు. తల్లి అడివంతా ఎదికి సంజీవని పుల్ల తెచ్చిద్ది. అది తగిలితే ఇనుమైనా తెగిపోద్ది. గూడు తెచ్చి వాగులో వెయ్. అన్ని పుల్లలూ కిందికి పోతయ్. ఒక్కటి ఎదురెక్కుద్ది. అదే. అరగదీసి నాకించావంటే నీ కోడలు లేచి కూచుంటది."

మా వైపు ఈ మాట అందరికీ తెలిసిందే. అత్తగారు చేట కింద పెట్టింది.

"ఏందే నీ మాటలు? జీవమిచ్చేది దేవుడా, కాకా? ఇట్టాంటియి నా గుమ్మంలో చెప్పమాక!"

వెంకాయమ్మ పిన్ని చెంబు తీసుకుని గొణుక్కుంటూ పోయింది. నేను పాకలో పడుకుని నవ్వుకున్నాను. ఇద్దరూ ఇద్దరే అనుకున్నాను.

ఆగస్టు

పిల్లలు మూడు లేచాయి. ఆ సంగతి నాకు అరుపుల వల్ల తెలిసింది. పిట్టపిల్లలకి రెక్కలు వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన స్టేషనులో ఉన్నారు, కరుణ నిద్రపోతోంది. నేనూ నిద్రపోయాననుకుని అత్తగారు స్టూలు తెచ్చి కంచె కింద వేసింది. చేతిలో కత్తీ, చేదకు చుట్టి ఉండే ఇనుపతీగ ముక్కా. అరవై ఏళ్ళ మనిషి, చీర కుచ్చెళ్ళు దోపుకుని స్టూలెక్కి, జెముడు కొమ్మలు నరికి, గూట్లోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, ఒక పిల్ల కాలికి తీగ కట్టి, రెండో కొస కొమ్మకు చుట్టింది. జెముడు పాలు ధారగా కారుతున్నాయి. పెద్ద పిట్టలు రెండూ మునగ మీద కూర్చుని బుసకొడుతున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందని ఆ పెదవులు చూసి తెలిసింది నాకు.

నేను కేక వేయలేదు. మొదట ఆశ్చర్యంతో. ఆ తర్వాత కారణం వేరే ఉంది. అది నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది. పిల్లలకు ప్రకృతి పాఠం చెప్పిన నోరే ఇది. అయినా నోరు మూసుకుని పడుకున్నాను.

నాలుగు రోజులు. అన్ని నెలలూ సంతోషంగా చూసిన పిట్టల్ని ఆ నాలుగు రోజులు మరో రకంగా చూశాను. అవి ఏం తెస్తున్నాయని మాత్రమే చూశాను. తొండ. మిడత. నత్త. మళ్ళీ మిడత. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కంచెకేసి చూసేది. కుడికన్ను వాచి మూసుకుపోయింది. జెముడు పాలు చింది ఉంటాయి, కంట పడితే చూపు పోతుంది. "పొగ తగిలింది" అని అందరికీ చెప్పింది. చేతుల మీద బొబ్బలు. మూడో రోజు పొద్దున పెద్దపిట్ట ఒకటి ముక్కున పచ్చని రెమ్మ పట్టుకుని గూట్లోకి దూరింది. మోచేతి మీద లేచాను. గుమ్మం వైపు చూశాను. అత్తగారు ఆ ఒంటికన్నుతో రెమ్మనే చూస్తోంది. నా వైపు తిరిగింది. ఇద్దరం ఒకేసారి చూపులు తిప్పుకున్నాం.

అవి మామూలుగానే పచ్చి ఆకులు తెస్తాయని నా పలక మీద నేనే రాసుకున్నాను, నెల కిందట. ఆ పూట అది గుర్తు తెచ్చుకోదలుచుకోలేదు.

నాలుగో రోజు రెండు పిల్లలు గూడు దిగి కంచె కిందికి వెళ్ళిపోయాయి. పెద్దవి వాటి వెనకే కింద తిరుగుతున్నాయి. గూట్లో మిగిలినది అరుస్తూనే ఉంది. ఎగరబోయి, తీగ లాగేసరికి తలకిందులుగా వేలాడి, మళ్ళీ రెక్కలు కొట్టుకుని పైకి పాకేది. తల్లి పైకి వచ్చి పక్కన కూర్చునేది, ఏమీ చేయలేక కిందికి దిగేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అలాగే జరిగింది. మధ్యాహ్నానికి అరుపు సన్నబడింది.

నేను మంచం దిగాను. తొమ్మిది నెలలుగా పాకలోనే పక్కన కుండ పెట్టించుకున్న మనిషిని. కంచె దాకా ముప్ఫై అడుగులుంటుందేమో, నాలుగుసార్లు ఆగాను. వేప పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటుంటే వెనకనుంచి కేక వినపడింది.

"ముట్టుకోమాక! చెట్టు దగ్గిరే ఆగు!"

అత్తగారు బండ దాటి పరిగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, అది చచ్చిపోద్ది."

"నీకు తెలుసా?"

"మొదటి రోజే చూశాను."

ఆమె మొహం పాలిపోయింది. తర్వాత గొంతు లేచింది.

"ఇంకో రెండు రోజులాగు. రెండంటే రెండు రోజులు. చస్తే చచ్చింది! నీ కంటే ఎక్కువా అది నాకు? ఊరందరికీ వాక్యం చెప్పే నోటితో నేను సిగ్గు లేకండా ఈ పని చేశానే. నాకు తెలవదా ఇది తప్పని? పగలంతా నన్ను అమ్మా అంటది నీ కూతురు. నిద్దట్లో మాత్రం చేతి ఏళ్ళన్నీ తల మీద కుచ్చులాగా పెట్టుకుంటది. అది నన్ను పిలిచినట్టా? నేనెన్నాళ్ళుంటానే దానికి? నువ్వు పోతే నేనేం చెప్పాలే దానికి?"

వేప మొదట్లో కూర్చుండిపోయాను. నన్ను దొడ్లో పారేసిందనుకున్న మనిషి, నా కోసం కన్ను పోగొట్టుకోబోయింది. తన దేవుడి దగ్గర కూడా తల దించుకోవడానికి సిద్ధపడింది. నేను ఏడ్చాను. "అత్తయ్యా, అవి మేత తప్ప ఏమీ తేవు. నేను అంతా చూశాను. మేతే తెస్తాయి" అన్నాను.

ఆమె వెళ్ళి స్టూలు తెచ్చుకుంది. "ఇటు చూడమాక, పాలు చిందుతయ్" అని నన్ను గదిమి, తనే తీగ విప్పింది. పిల్ల కాలు వాచిపోయి ఉంది. కింద పెడితే ఒకవైపు ఒరిగి, కుంటుకుంటూ కంచె కిందికి దూరింది. లోపలి నుంచి పెద్దది "ఊప్" అని ఒక్కసారి పలికింది. అది బతికిందో లేదో నాకు తెలియదు. తర్వాత కంచెలో కనపడిన పిల్లలు ఎప్పుడూ రెండే. మూడోది ఇంకెక్కడైనా తిరుగుతూ ఉండొచ్చని కరుణకు చెప్పాను. నాకు నేను చెప్పుకోలేకపోయాను. మొదటి రోజే నేను కేకేసి ఉంటే దానికి ఆ కాలు ఉండేది.

మా అత్తగారు పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఖాళీ అయిన గూడును మర్నాడు గంపలో పెట్టుకుని, పైన బట్ట కప్పి, ఉతుక్కోవడానికి పోతున్నట్టు చంద్రవంక వాగుకు వెళ్ళింది. మధ్యాహ్నం మోకాళ్ళదాకా తడిసి తిరిగొచ్చింది. తిన్నగా పాకలోకి వచ్చి నా మంచం మీద కూర్చుంది. తొమ్మిది నెలల్లో ఆ మంచం మీద ఇంకొకరు కూర్చోవడం అదే.

"ఏమైంది?" అన్నాను.

"అన్నీ కిందికే పోయినయ్" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. నవ్వుతూనే వాచిన కన్ను తుడుచుకుంది. ఆదివారం మా మిషను గుడిలో అందరిలోనూ లేచి నిలబడి తను చేసిన పని చెప్పుకుందని మా ఆయన ద్వారా తెలిసింది. వెంకాయమ్మ పిన్ని మాత్రం ఇప్పటికీ, రెండు రోజులు ఆగకుండా చెడగొట్టుకున్నారని మమ్మల్ని తిడుతూనే ఉంది.

ఆ తర్వాత

వానాకాలం దాటింది. అక్టోబరులో ఫోటో తీస్తే మచ్చ పెరగలేదన్నారు. తర్వాత తగ్గిందన్నారు. నెత్తురు మళ్ళీ పడలేదు. ఎందుకు తగ్గిందో నాకు తెలియదు సలోమీ. డాక్టరుగారు విశ్రాంతి అన్నారు. అత్తగారు ప్రార్థన అంది. పాలూ గుడ్లూ మానొద్దు, మంచం దిగొద్దు, ఎవరేం చెప్పినా ఆసుపత్రికి పోవడం మానొద్దు. నీ మంచాన్ని గోడకేసి కాకుండా చెట్టుకేసి వేయించుకో. మొదట ఏమీ కనపడదు. ఓపిక పట్టు. ఇంట్లోవాళ్ళ మీద కోపం వస్తుంది. వచ్చినప్పుడు వాళ్ళనీ కాసేపు చూడు.

నలభై నాలుగు మార్చిలో, ఇంట్లోకి వెళ్ళొచ్చు, పిల్లను తాకొచ్చు అని డాక్టరుగారు చెప్పారు. గుంటూరు నుంచి రాగానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కరుణ అత్తగారి వెనక నక్కి నన్ను చూసింది. అన్నాళ్ళూ దూరం నుంచి వేళ్ళతో మాట్లాడిన మనిషి ఇంత దగ్గరగా వస్తే సిగ్గేసింది దానికి. అత్తగారు దాన్ని ముందుకు నెట్టింది. నేను వంగి, చంకల కింద చేతులేసి ఎత్తబోయాను. ఎత్తలేకపోయాను. పిల్ల పెరిగింది, నా చేతుల్లో సత్తువ లేదు. అది జారిపోతుంటే అత్తగారు కిందనుంచి తన రెండు చేతులూ ఆనించి పైకెత్తింది. అది నా మెడ పట్టుకుంది. నేను వదలలేదు, ఆమె కూడా వదలలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా ముగ్గురం అట్లాగే నిలబడ్డాం.